దుంపలు తొక్కిన పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లోని ఇంకాల మీద పిల్లల కోసం నువ్వు రాసిన నవల రాతప్రతి అందింది. భాష బాగుంది. కానీ మూడో అధ్యాయంలో నీ కథలోని కుర్రాడు లామా మీదెక్కి దౌడు తీయించగానే కాగితాలు పక్కన పెట్టేశాను. ఒంటె జాతిదే అయినా, లామా మనిషిని మోసే జంతువు కాదమ్మా. పాతిక ముప్పై కిలోల మూట మోస్తుంది. బరువు మించితే కూలబడుతుంది, ఉమ్ముతుంది, ఎంత అదిలించినా లేవదు. ఆ మొండితనంలోనే నీకో అధ్యాయం దొరికేది.

ఆ తర్వాతంతా ఇంకాల రాజు అటవాల్పా బంగారమే. 1532లో పెరూలోని కహమార్కాలో స్పెయిన్ సేనాని పిజారో అతన్ని పట్టుకోవడం, విడుదల కోసం ఒక గదిని బంగారంతో నింపించడం, అయినా మరుసటి ఏడు చంపేయడం. జరిగిందే. కానీ ఆ గది దగ్గర నీ కుర్రాడికి పనేముంది? తలుపు చాటున నిలబడి చూస్తున్నాడు, అంతే. పిల్లల చారిత్రక నవలలో పిల్లాడికి చేతినిండా పని ఉండాలి. ఏళ్ల తరబడి చెబుతున్నాను, ఎవరూ వినరు. సంపాదకులు అసలు వినరు. చేనేత ఇంటి పిల్ల మీద నేను రాసిన కథలో ఆసు పోయడం, కండెలు చుట్టడం తీసేసి, చివర్లో వచ్చే రాజుగారిని మాత్రం ఉంచాడొక పత్రికాయన. పైగా నీతి ఏదని అడిగాడు. ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈమధ్య పిల్లల్ని టైమ్ మెషీన్ ఎక్కించి చరిత్రలోకి పంపడం ఒకటి మొదలైంది. వాళ్లు అన్నీ చూసి వస్తారు, ఒక్క పనీ చేయరు.

నీకు స్ఫూర్తి అన్న పిల్లల నవల ‘సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్’ మళ్లీ తీసి చూడు. 1953లో దానికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం వచ్చిందన్నావు, నిజమే. అందులో కూసి అనే పిల్లాడు ఏం చేస్తాడు? కొండల్లో ముసలి చూటో దగ్గర లామాలు కాస్తాడు. తనెవరో అతనికి ఆ కాపలాలోనే తెలుస్తుంది. రాసిన ఆన్ నోలన్ క్లార్క్ అమెరికా ఆదివాసీ పిల్లలకు చదువు చెప్పిన టీచరు.

గ్వామన్ పోమా బొమ్మలు కూడా చూడు. ఆండీస్‌లోనే పుట్టిన ఆయన 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజు కోసం రాసిన గ్రంథంలో దాదాపు 400 బొమ్మలు గీశాడు. ఏ వయసు వాళ్లు ఏ పని చేసేవారో కనిపిస్తుంది: పిట్టల్ని పట్టే మగపిల్లలు, ఉన్నికి రంగులద్దే పూలు కోసే ఆడపిల్లలు. కోపెన్‌హేగన్ రాయల్ లైబ్రరీ దాన్ని నెట్‌లో పెట్టింది.

ఇక ఏడో అధ్యాయంలో ఆ అరపేజీ. రాత్రి చలికి గడ్డకట్టిన బంగాళాదుంపల్ని కుర్రాడు అవ్వతో కలిసి వట్టికాళ్లతో తొక్కుతాడు. కాలివేళ్ల సందుల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, పాదాలు మొద్దుబారతాయి, అవ్వ మాత్రం ఆగనివ్వదు. అది చదివి చాలాసేపు ఇంకో పేజీ తిప్పలేకపోయాను. అంత తొందరగా ఎందుకు వదిలేశావు? అలా తొక్కి ఎండబెట్టిన దుంపల్నే చూన్యో అంటారు, అది ఏళ్లపాటు గిడ్డంగుల్లో నిలవుంటుంది. రాజుగారి సైన్యం తిన్నది ఆ దుంపలే. అక్కణ్ణించే కథ మొదలుపెట్టు.

చివరి వాక్యంలో ‘ఇంకాలు అంతరించిపోయారు’ అన్నావు. కొట్టెయ్. వాళ్ల భాష కెచువా మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు. పెరూలో అపూరిమాక్ నది మీది కెస్వాచాకా వంతెనను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏటా జూన్‌లో గడ్డితాళ్లు పేని కొత్తగా కడతారు.

పబ్లిషర్ల సంగతి, అవార్డుల సంగతి ఇప్పుడొద్దు. బంగారం గది తీసేసి, దుంపల అధ్యాయం పూర్తిగా రాసి సంక్రాంతిలోపు పంపు.

ఆశీస్సులతో