నేటి మాయా ప్రజల క్రతువులతో నాటి శిథిలాలను వివరించవచ్చా?

ప్రశ్న: మ్యూజియంలో రాక్షసగుళ్ల (ప్రాచీన పెద్దరాతి సమాధుల) కుండలను చూసినప్పుడు, బోనాల ఆచారం ఆధారంగా వాటికి అర్థం చెప్పవచ్చా అనిపించింది. మధ్య అమెరికాలోని మాయా ప్రజల పురాతత్వంలో ఇలాంటి పద్ధతి ఉందని విన్నాను. అది శాస్త్రీయమేనా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: శాస్త్రీయమే, అయితే పోలిక ఒక్కటే సాక్ష్యం కాదు. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు పరిసరాల్లోని మాయా వేటగాళ్లు తాము చంపిన మృగాల ఎముకలను పారవేయకుండా దాచి, కొండచరియల్లోని పూజాస్థలాలకు తీసుకెళ్లి, మృగాలను కాచే దైవానికి అప్పగిస్తారు. అప్పగించిన ఎముకల నుంచే జంతువులు మళ్లీ పుడతాయని వారి నమ్మకం. ఈ స్థలాలను పరిశీలించిన పురాతత్వవేత్త లిండా బ్రౌన్ 2005లో ఆ వివరాలను ప్రచురించారు. ఇది తెలియనివారికి అలాంటి ఎముకల కుప్ప ఏ విందులోనో మిగిలిన చెత్తగా తోచవచ్చు, కాని మాంసం తిన్నది ఇళ్లలో, ఎముకలు చేరింది కొండకు. ఏ పని ఎలాంటి జాడను మిగులుస్తుందో చూపడమే సజీవ ఆచారం చేసే అసలు మేలు అని నా అభిప్రాయం.

ఆ మేరకు మీ ఆలోచన పనికొస్తుంది. బోనం కుండకు మసి ఎక్కడ పడుతుందో, పూజ తరువాత దాన్ని ఏం చేస్తారో నమోదు చేసుకుని, సమాధి కుండలపై అలాంటి గుర్తులున్నాయేమో వెతకవచ్చు. ఎల్లమ్మ పేరును ఆ సమాధుల్లోకి తీసుకెళ్లాలంటే మాత్రం ఆ కాలానికీ నేటికీ నడుమనున్న కాలపు ఆధారాలు వరుసగా దొరకాలి.

మాయా 260 రోజుల పంచాంగానికి అలాంటి వరుస ఉంది. గ్వాటెమాలాలోని మొమొస్తెనాంగో పట్టణంలో నేటికీ రోజులు లెక్కించి ఫలం చెప్పేవారున్నారు. అదే దేశంలోని ప్రాచీన మాయా స్థలం సాన్ బార్తొలోలో దొరికిన, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటి కుడ్యచిత్రపు ముక్కపై ఆ పంచాంగపు ‘7 జింక’ అనే తేదీ ఉందని 2022లో ప్రకటించారు. అంతమాత్రాన నేటి పూజ యథాతథంగా ప్రాచీనమైపోదు. క్రైస్తవ పునీతులు 1524 నాటి స్పానిష్ దండయాత్ర తరువాతే అక్కడికి చేరారు.

మెక్సికోలోని చియాపాస్ అడవుల్లో ఉండే లకాందోన్ అనే మాయా తెగవారు ఇందుకు మంచి హెచ్చరిక. ముఖాలు మలిచిన ధూపపాత్రలను పూజించే వీరిని చాలాకాలం ఆ అడవిలోని ప్రాచీన నగరాల వారసులుగా భావించారు, కాని వీరి పూర్వీకులు వలసపాలన కాలంలో యుకతాన్ ద్వీపకల్పం వైపు నుంచి వచ్చారని తరువాతి పరిశోధన తేల్చింది. కాబట్టి వీరు ఆ అడవిలోని ప్రాచీన మాయా నగరం యష్చిలాన్ శిథిలాల్లో వేసిన ధూపం ఆ నగరాన్ని కట్టినవారి ఆచారానికి నేరుగా సాక్ష్యం కాదు. పాడుబడిన నగరం తరువాతివారికి ఎలా పుణ్యస్థలమైందో చెప్పే సాక్ష్యం.