మార్కులు సరే, లెక్క వచ్చిందా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. గణితంలో ఎప్పుడూ ఎనభై శాతానికి తగ్గకుండా మార్కులు వస్తాయి. మొన్న 0.8, 0.35లలో ఏది పెద్దదని అడిగితే తడుముకోకుండా 0.35 అంది. మార్కులను నమ్మాలా, నా అనుమానాన్ని నమ్మాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. మార్కులు అబద్ధం చెప్పవు కానీ, ఎన్ని జవాబులు సరిపోయాయో మాత్రమే చెబుతాయి. ఆ జవాబులు ఏ దారిన వచ్చాయో చెప్పవు. పూర్ణాంకాల్లో అంకెలు ఎక్కువ ఉన్న సంఖ్యే పెద్దది కనుక, ఇన్నేళ్లూ తప్పకుండా పనికొచ్చిన ఆ సూత్రాన్నే మీ అమ్మాయి దశాంశ బిందువుకు కుడివైపున కూడా వాడి, 35ను 8తో పోల్చింది. ఇది అజాగ్రత్త కాదు, చాలామంది పిల్లల్లో కనిపించే అపోహ. పరీక్షలో 0.75, 0.4 ఇచ్చి ఉంటే అదే అపోహతో సరైన జవాబు రాసి పూర్తి మార్కు తెచ్చుకునేది. అంటే, తప్పు పద్ధతికి కూడా సరైన జవాబు వచ్చేలా సంఖ్యలను ఎంచుకున్న ప్రశ్న ఆ నైపుణ్యాన్ని కొలవనే లేదన్నమాట. పిల్లల తెలివిని తప్పుపట్టే ముందు ప్రశ్నపత్రాన్ని పరిశీలించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో మీరు చేయగలిగింది ఉంది. 0.8, 0.35తోపాటు 0.5, 0.50 కూడా ఇచ్చి, జవాబు చెప్పిన ప్రతిసారీ ‘ఎలా చెప్పావు?’ అని అడగండి. సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అడగాలి. తప్పు చెప్పినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు మార్చేస్తారు. ఆ తర్వాత కుట్టుపనికి వాడే టేపు తెచ్చి, 0.8 మీటరు అంటే 80 సెంటీమీటర్లనీ, 0.35 మీటరు అంటే 35 సెంటీమీటర్లనీ తనచేతనే కొలిపించండి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కోరిన నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉద్దేశం కూడా ఇదే: పిల్లలకు ఎంత అర్థమైంది, దాన్ని ఎంతవరకు ఉపయోగించగలుగుతున్నారు అన్నది చూడడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ విధానం ప్రకారం గణితంలో సమస్యా సాధనకు 40 శాతం భారం ఇచ్చి, మిగిలిన 60 శాతాన్ని కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం (లెక్కను ఇతర అంశాలతో ముడిపెట్టడం), ప్రాతినిధ్యం (బొమ్మలు, పట్టికలుగా చూపడం) అనే ప్రమాణాలకు పంచారు. ‘ఎలా చెప్పావు?’ అని అడగకుండా కారణాలు చెప్పే సామర్థ్యానికి మార్కు వేయడం న్యాయం కాదు.

ప్రశ్న: నాలుగో తరగతిలో ముప్ఫై ఎనిమిది మందికి నేనొక్కడినే పాఠం చెబుతాను. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగే తీరిక ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా

జవాబు: మాస్టారూ, అందరినీ అడగనక్కరలేదు, వారు రాసిన తప్పును చదివితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఆరు తీసివేతలతో చిన్న స్లిప్ టెస్టు పెట్టండి. 64 – 31 లాంటివి రెండు, 52 – 27 లాంటివి రెండు, 403 – 178 లాగా మధ్యలో సున్నా ఉన్నవి రెండు. 52 – 27కు 35 అని రాసిన బిడ్డ ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోంది. పదిని విడదీసి ఒకట్లలో కలుపుకోవడం ఆమెకు ఇంకా తెలియదు. 24 లేదా 26 రాసిన బిడ్డకు బహుశా పద్ధతి తెలుసు, లెక్కింపులో తడబడింది. ఇద్దరికీ పడేది సున్నాయే, కానీ మొదటి బిడ్డకు పదేసి పుల్లల కట్టలు విప్పి చూపాలి, రెండో బిడ్డకు కాస్త అభ్యాసం చాలు. జవాబు పత్రాలను మార్కుల వరుసలో కాకుండా తప్పుల రకాన్ని బట్టి మూడు నాలుగు కట్టలుగా పేర్చుకుంటే, ఒక్కో కట్ట నుంచి ఇద్దరేసి పిల్లలతో మాట్లాడితే సరిపోతుంది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలో గ్రామాలకు వెళ్లి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అంకెల గుర్తింపు, రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం చూస్తారు. బిడ్డ ఏ మెట్టు మీద ఉందో చెప్పడానికి అది చాలా ఉపయోగపడుతుంది. ఆ మెట్టు దగ్గరే ఎందుకు ఆగిందో మాత్రం పైన చెప్పినట్లు తప్పులను చదివి మీరే తేల్చాలి. బోధించిన రెండు వారాలకు సంఖ్యలు మార్చి అవే మూడు రకాల్లో ఆరు లెక్కలు మళ్లీ ఇవ్వండి; తొలి పత్రాన్ని పారేయకుండా పక్కనే పెట్టుకుని దిద్దండి.