బీచ్ చెట్ల అడవి పక్కన నేల కొన్న వంశీకి

చిరంజీవి వంశీకి,

ఆశీస్సులు. ఫోటోలు చూశాను. నేల బాగుంది. పైన సిల్వర్ బీచ్, రెడ్ బీచ్ చెట్లు కలిసిన పాత అడవి ముక్క, కింద గొర్రెలు మేసిన పచ్చిక. న్యూజిలాండ్‌లో, అదీ టె అనౌ ఊరి దగ్గర ఇంత అడవి అంచుతో నేల దొరకడం అదృష్టమే. కానీ ఈ సెప్టెంబరుకల్లా వెయ్యి మొక్కలు పాతేస్తామని రాశావే, అది మాత్రం వద్దు. మొదటి ఏడు డబ్బంతా కంచెకి పెట్టు.

ఎందుకంటే, బీచ్ గింజకి రెక్కలున్నా ఎక్కువ భాగం తల్లిచెట్టు చుట్టుపక్కలే రాలుతుంది. అందుకే ఈ అడవి తనంతట తాను బయటికి జరగడం చాలా నెమ్మది. అడవి అంచుకి ఆనుకున్న కొద్ది మీటర్ల పట్టీలో మాత్రం గొర్రె మూతి పెట్టకపోతే మొలకలు ఉచితంగా వస్తాయి. పచ్చిక దట్టంగా ఉంటే గింజ మట్టిని తాకదు కాబట్టి ఆ పట్టీలో అక్కడక్కడ పారతో గడ్డి చెక్కెయ్యి. అంచున ఉన్న పొదల్ని మాత్రం ముట్టుకోకు. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటాయి కానీ గాలిని ఆపేవి అవే. బీచ్ వేళ్లు పైపైనే పాకుతాయి. అంచు తెరిచావంటే పడమటి గాలికి చెట్లు వేళ్లతో సహా లేచిపోతాయి.

లోపలికి వెళ్లి ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని చూడు. నాచు పట్టి కుళ్లిన దుంగల మీద వేలెడంత మొలకలు కనబడాలి. ఆ వేలెడు మొక్కకి ఎన్నో ఏళ్ల వయసు ఉండొచ్చు. నీడలో అలా కూర్చునే ఉంటుంది. పక్కన పెద్ద చెట్టు కూలి వెలుతురు పడ్డప్పుడు లేస్తుంది. కాబట్టి శుభ్రం చేస్తున్నామంటూ పాత దుంగల్ని ట్రాక్టరుతో లాగొద్దు. చిన్న మొలకలున్నా మోకాలి ఎత్తు మొక్క ఒక్కటీ లేకపోతే జింకలు తింటున్నట్టు లెక్క. గొర్రెల కంచె ఎర్ర జింకని ఆపదు. ఊళ్లో వేటకి వెళ్లేవాళ్లతో పరిచయం పెంచుకో. వెనిసన్, అంటే జింక మాంసం కూడా తెచ్చిస్తారు. అల్లం వెల్లుల్లి ధారాళంగా వేసి సన్నసెగ మీద ఉడికించమని కోడలికి చెప్పు.

ఇక గింజ సంగతి. మామిడికి ఏడు విడిచి ఏడు కాపు అని మన వైపు ఒక లెక్క ఉంటుంది. బీచ్‌కి ఆ లెక్క లేదు. ఏళ్ల తరబడి దాదాపు ఏమీ కాయదు, ఉన్నట్టుండి లోయలన్నీ కలిసి కాస్తాయి. 2014లో అలా కాసింది, 2019లో మరీ ఎక్కువ. దీనికి సూచన ఒకటుంది. ఒక వేసవి అంతకు ముందు వేసవి కన్నా బాగా వేడిగా ఉంటే, ఆ తర్వాతి వసంతంలో పూత, దాని వెనక శరత్తులో, అంటే మార్చి నుంచి మే దాకా గింజ. విరగపూసినప్పుడు కొండ వాలు దూరానికే ఎర్రబారి కనిపిస్తుంది. అంటే నీకు ఏడాది ముందే తెలుస్తుందన్నమాట. ఆ ఏడు చెట్ల కింద టార్పాలిన్లు పరిచి గింజ పట్టు. మూడు పలకల చిన్న గింజ అది. పది గింజలు గోటితో చీల్చి చూడు, లోపల తెల్లటి పప్పుండాలి. కాపు లేని ఏళ్లలో రాలేవి చాలావరకు తాలు. తడి ఇసుకలో కలిపి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత చల్లు. నారుమడి మట్టిలో మీ అడవి మట్టే గుప్పెడు కలుపు. ఈ చెట్ల వేళ్లు ఒక రకం బూజుతో కలిసి బతుకుతాయి. అది లేని పచ్చిక మట్టిలో మొక్క పాలిపోయి ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోతుంది.

నాటడం మీ దగ్గర వసంతంలోనే. శీతాకాలానికి ముందు పెడితే మంచుకి మట్టి ఉబ్బి లేతవేళ్లని పైకి నెట్టేస్తుంది. ముందు మానుకా పొదలు పెంచి, వాటి నీడన బీచ్ పెట్టు. పల్లపు చోట చలిగాలి దిగి నిలుస్తుంది. అక్కడ రెడ్ బీచ్ లేత చిగురు మాడిపోతుంది, మౌంటెన్ బీచ్ తట్టుకుంటుంది. మధ్యలో కాంటోర్టా పైన్ అనే కలుపు చెట్టు పిల్ల ఎక్కడ కనబడ్డా చేత్తో పీకెయ్యి, పెద్దదయ్యాక రంపం కావాలి.

కాపు ఏడు మనకి పండగే, పిట్టలకి గండం. రాలిన గింజ తిని ఎలుకలు, చిట్టెలుకలు చలికాలమంతా పిల్లలు పెడతాయి. వాటిని తిని స్టోట్లు పెరుగుతాయి. స్టోట్ అంటే ముంగిసని పోలిన జంతువు, 1880లలో కుందేళ్లని చంపడానికి తెచ్చారు. వసంతంలో మిగిలిన గింజ మొలకెత్తి తిండి కరువయ్యేసరికి ఎలుకలూ స్టోట్లూ గూళ్ల మీద పడతాయి. మీకు దగ్గర్లోని ఎగ్లింటన్ లోయలో మోహువా అనే పసుపు తల పిట్ట చెట్టు తొర్రలో పొదుగుతుంది. తొర్రకి వేరే దారి ఉండదు. గుడ్లతో పాటు తల్లీ పోతుంది. అందుకని పూత కనబడగానే ఉచ్చులు సిద్ధం చెయ్యి, గింజ రాలాక కాదు. చెక్క పెట్టెలో డాక్ 200 అనే ఉచ్చు పెట్టి, ఎరగా కోడిగుడ్డు, కుందేలు మాంసం వాడు. వారం వారం చూడలేకపోతే పక్కవాళ్లతో వంతులేసుకో. అలాంటి ఏడు డాక్ వాళ్లు, అదే పరిరక్షణ శాఖ, హెలికాప్టర్లతో 1080 అనే విషపు మందు చల్లుతారు. దాని మీద ఊళ్లో రెండు పక్షాలుంటాయి, నువ్వు కొత్తవాడివి, వాదనకి దిగకు. నా మటుకు అంత పెద్ద కొండల్లో ఇప్పటికి వేరే దారి లేదనే అనుకుంటాను. నోటీసు బోర్డు కనబడితే మాత్రం కుక్కని కట్టెయ్యి. గుళిక తిననక్కర్లేదు, మందుతో చచ్చిన ఎలుకని కొరికినా కుక్క బతకదు.

చెట్టుకి గాయం చెయ్యకు, ఇది గట్టిగా చెబుతున్నా. కంచె తీగకి చెట్టునే స్తంభంగా వాడి మేకులు కొట్టేవాళ్లుంటారు. గాయపడ్డ బీచ్‌కి పిన్‌హోల్ బోరర్ అనే పురుగు వస్తుంది. మొదట్లో సన్నటి తెల్ల రంపపు పొట్టు కనబడుతుంది. పురుగు వెంట వచ్చే బూజు చెట్టు నీళ్లు తాగకుండా చేస్తుంది, కొమ్మలు ఎండుతాయి. ఆ పురుగు పచ్చి దుంగల్లో పిల్లలు పెడుతుంది. కాబట్టి కుళ్లిన దుంగ ఉండనీ, కొత్తగా కొట్టిన లావు దుంగల్ని మాత్రం అడవిలో పోగేసి వదలొద్దు.

కలప అమ్ముదామన్న ఆలోచన ఉంటే ముందు ప్రాథమిక పరిశ్రమల మంత్రిత్వ శాఖ అనుమతి తీసుకోవాలి. 1949 అటవీ చట్టానికి 1993లో చేసిన సవరణ అది. బీచ్‌ని సాధారణంగా అర హెక్టారు మించని చిన్న ఖాళీలుగా కొట్టనిస్తారు. కింద మొలకలకి వెలుతురు కావాలి, చుట్టూ గింజ రాల్చే చెట్లూ ఉండాలి కదా. ఈ అడవుల్ని నరకొద్దని 1977లో మూడు లక్షల నలభై వేలకు పైగా సంతకాలతో మరూయియా అర్జీ పార్లమెంటుకి వెళ్లింది. పశ్చిమ తీరంలో ప్రభుత్వ అడవుల నరికివేత 2002లో గానీ పూర్తిగా ఆగలేదు. నాలుగు దుంగల కోసం ఈ గొడవల్లోకి నువ్వు దిగనక్కర్లేదనుకుంటా.

కంచె కొటేషన్ రాగానే పంపు. గీత అడవి అంచు మీద కాకుండా నాలుగు బారలు బయటికి వెయ్యమను. మొలకలకి చోటు అదే.

మీ పెదనాన్న