అద్దె కారు కంపెనీ కోసుకున్నది జరిమానా కాదు

ప్రశ్న: మాది తెనాలి. పోయిన మే నెలలో మా ఆవిడ, అబ్బాయితో కలిసి ఇటలీ వెళ్లాను. మిలాన్ మల్పెన్సా విమానాశ్రయంలో నా పేరు మీద, నా క్రెడిట్ కార్డు మీద కారు అద్దెకు తీసుకుని ఫ్లోరెన్స్ దాకా వెళ్లి వచ్చాం. జూలైలో కారు కంపెనీ నా కార్డు నుంచి 45 యూరోల చొప్పున రెండుసార్లు కోసుకుంది. ఏదో చలానా పడింది, కట్టేశారు, పీడా పోయిందనుకున్నాను. తీరా ఫిబ్రవరి 9న రిజిస్టర్డ్ పోస్టులో రెండు నోటీసులు వచ్చాయి. రెండు ఘటనలూ మే 14వే. ఫ్లోరెన్స్‌లో నిషేధిత ప్రాంతంలోకి వెళ్లినందుకు 83 యూరోలు, ఏ1 మోటార్‌వే మీద 152 కిలోమీటర్ల వేగంతో వెళ్లినందుకు 173 యూరోలు. ఒకే తప్పుకు రెండుసార్లు కట్టాలా? ఇన్ని నెలల తర్వాత నోటీసు ఇస్తే చెల్లుతుందా? కట్టకపోతే ఇక్కడి కోర్టు ద్వారా వసూలు చేస్తారా? మోటార్‌వే మీద నడిపింది మా అబ్బాయి, ఒప్పందంలో అతని పేరు లేదు. ఈ వేసవికి మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలి. వీసాకు అడ్డం వస్తుందా?

జవాబు: మీరు రెండుసార్లు కట్టడం లేదు. నిజానికి జరిమానా ఇంతవరకు ఒక్కసారి కూడా కట్టలేదు. జూలైలో పోయిన 90 యూరోలు కారు కంపెనీ తన పనికి తీసుకున్న రుసుము. కెమెరా బండి నంబరు పట్టుకుంటుంది, ఆ నంబరు కంపెనీది కాబట్టి పోలీసులు ముందు కంపెనీని అడుగుతారు. ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉందో మీ ఒప్పందం చూసి మీ పేరు, తెనాలి చిరునామా వాళ్లు రాసి పంపుతారు. ఆ రాసి పంపినందుకే ఒక్కో నోటీసుకు 45 యూరోలు. మీరు కౌంటరు దగ్గర నిలబడి టాబ్లెట్ మీద వేలితో పెట్టిన సంతకం కింద ఈ షరతు ఉండే ఉంటుంది, ఒప్పందం కాపీ తీసి చూసుకోండి. ఓటీపీ రాకుండానే డబ్బు ఎలా పోయిందని చాలామంది అడుగుతుంటారు. విదేశీ వ్యాపారి దగ్గర ఒకసారి కార్డు వివరాలు ఇచ్చి, తర్వాతి ఖర్చులకూ ఒప్పుకుంటే ఓటీపీ లేకుండానే పోతుంది. ఒకే నోటీసుకు రెండుసార్లు కోసి ఉంటే మాత్రం బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బిల్లు వివాదం మీద 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మీ విషయంలో రెండు నోటీసులు, రెండు కోతలు. లెక్క సరిపోయింది.

ఇక ఆలస్యం సంగతి. ఇటలీలో ఉండేవాళ్లకైతే నోటీసు 90 రోజుల్లో పంపాలి. విదేశాల్లో ఉండేవాళ్లకు ఆ దేశపు రోడ్డు చట్టం 201వ అధికరణం 360 రోజుల గడువు ఇస్తుంది. మే 14 నుంచి ఫిబ్రవరి 9కి 271 రోజులు. పైగా వాళ్లు పోస్టుకు అప్పగించిన తేదీ చూస్తారు గానీ మీ చేతికి అందిన తేదీ కాదు. కాలదోషం వాదన మీకు నిలవదు. ఏడాది దగ్గర పడ్డాక వచ్చే నోటీసులకు మాత్రం ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. కవరు పారేయకండి, దాని మీది పోస్టు ముద్రే సాక్ష్యం.

173 అంకె ఎలా వచ్చిందో చూద్దాం. ఏ1 మీద పరిమితి 130, వాన పడుతుంటే 110. కొలిచిన వేగంలోంచి 5 శాతం, కనీసం 5 కిలోమీటర్లు, తగ్గించి చూడాలన్నది వాళ్ల నియమం. 152లో 5 శాతం అంటే 7.6. మిగిలింది 144.4. పరిమితికి 14.4 ఎక్కువ. పది లోపు దాటితే 42 యూరోలతో పోయేది, పది నుంచి నలభై మధ్య కనీసం 173. ఆ రోడ్డు మీద చాలా చోట్ల ‘ట్యూటర్’ అనే ఏర్పాటు ఉంటుంది. మన దగ్గర స్పీడ్ గన్ కనపడగానే బ్రేకు తొక్కి, దాటగానే యాక్సిలరేటర్ తొక్కే అలవాటు అక్కడ పనికిరాదు. రోడ్డుకు అడ్డంగా కెమెరాలు బిగించిన మొదటి కమాను కింద ఎప్పుడు దాటారో, కొన్ని కిలోమీటర్ల తర్వాత రెండో కమాను కింద ఎప్పుడు దాటారో చూసి సగటు వేగం తీస్తుంది. మీ నోటీసులో కొలిచిన వేగం, తగ్గింపు తర్వాతి వేగం రెండూ విడివిడిగా రాసి ఉండాలి, చూడండి.

ఫ్లోరెన్స్ నోటీసు దగ్గర మాత్రం నేను కాస్త ఆగుతాను. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డును ‘జెడ్‌టీఎల్’ అంటారు, అనుమతి ఉన్న బండ్లే లోపలికి రావాలి. ప్రవేశం దగ్గర వెలుగు అక్షరాల బోర్డు ఉంటుంది. ‘వార్కో అత్తీవో’ అని కనపడితే ద్వారం తెరిచి ఉందనుకుని మనవాళ్లు లోపలికి పోనిస్తారు. దాని అర్థం కెమెరా పనిచేస్తోంది, రావద్దు అని! ‘నాన్ అత్తీవో’ అని ఉంటేనే వెళ్లొచ్చు. మీ హోటల్ ఆ ప్రాంతం లోపలే ఉందా? అలాగైతే సామాను దించుకోవడానికి వచ్చిన అతిథుల బండి నంబరును హోటల్ వాళ్లు నగరపాలక సంస్థకు తెలియజేసే వీలుంది. మీరు నంబరు ఇచ్చి ఉంటే, వాళ్లు పంపిన రుజువు ఈమెయిల్‌లో అడిగి తెప్పించండి. అది చేతికొస్తే ఆ 83 యూరోల మీద పోరాడొచ్చు. రాకపోతే వదిలేయండి.

పోరాటమంటే రెండు దారులు. ప్రిఫెక్ట్ అనే అధికారికి 60 రోజుల్లో ఖర్చు లేకుండా అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఆయన కొట్టేస్తే కనీస మొత్తానికి రెట్టింపుకు తగ్గకుండా వేస్తాడు. రెండోది ‘జ్యుదిచే ది పాచే’ అనే చిన్న కోర్టు. స్థానికులకు 30 రోజులు, విదేశాల్లో ఉండేవారికి 60 రోజుల గడువు. మీ స్థాయి మొత్తానికి కోర్టు రుసుమే 43 యూరోలు. 83 కోసం 43 ఖర్చు పెట్టే కేసు నా క్లయింటుకైతే నేను చెప్పను. జరిమానా కట్టేస్తే అప్పీలు హక్కు పోతుందని కూడా గుర్తుంచుకోండి.

కట్టేదైతే తేదీలే ముఖ్యం. నోటీసు అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గింపు. రెండూ కలిపి 179 యూరోల 20 సెంట్లతో తేలిపోయేది. మీ ఉత్తరం నాకు చేరేసరికే అది దాటింది. ఇప్పుడు 256, దానికి తోడు నోటీసు పంపిన ఖర్చులు. 60 రోజుల గడువు ఏప్రిల్ 10తో ముగుస్తుంది. ఆ తర్వాత ఆ తప్పుకు చట్టం పెట్టిన గరిష్ఠ జరిమానాలో సగం చెల్లించాలి. మొదటిదానికి 166, రెండోదానికి 347, వెరసి 513. ఆపైన ప్రతి ఆరునెలలకు పది శాతం చొప్పున పెరుగుతుంది. హైదరాబాద్‌లో పెండింగ్ చలానాలకు రాయితీ ప్రకటించినట్టు అక్కడా ప్రకటిస్తారని కూర్చోకండి. బ్యాంకు ద్వారా విదేశానికి పంపడం కన్నా నోటీసులో ఇచ్చిన పోర్టల్‌లో కార్డుతో కట్టడం తేలిక. ముందుగా బండి నంబరు, తేదీ, గంట, స్థలం మీ ఒప్పందంతో సరిచూసుకోండి. ఈమెయిల్‌లో వచ్చే లింకుల జోలికి పోకండి.

కట్టకపోతే? తెనాలి సివిల్ కోర్టు అమీను మీ గుమ్మం ముందుకు రాడు. విదేశీ కోర్టు ఇచ్చిన డిక్రీని, అంటే తీర్పును, మన కోర్టులో అమలు చేసుకునే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ ఇస్తుంది. కానీ ప్రభుత్వం ప్రకటించిన దేశాలకే అది వర్తిస్తుంది. బ్రిటన్, సింగపూర్, యూఏఈ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, ఇటలీ లేదు. ఉన్నా కూడా పన్ను, జరిమానా కింద రావలసిన డబ్బు దాని పరిధిలోకి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఇది మీకు ధైర్యం కోసం చెప్పాను, ఎగ్గొట్టమని కాదు. వసూలు సంస్థల ఉత్తరాలు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. మళ్లీ ఇటలీలో అడుగు పెట్టాలనుకుంటే ఆ బాకీ అక్కడే ఉంటుంది. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి చోట్ల స్థిరపడిన మన పిల్లలైతే ఈ ధీమా అసలు పెట్టుకోకూడదు. 70 యూరోలకు తగ్గని జరిమానాలను ఒక సభ్యదేశం కోసం మరో సభ్యదేశం వసూలు చేసిపెట్టే ఏర్పాటు యూరోపియన్ యూనియన్‌లో ఉంది.

ఇటలీ, జర్మనీ వంటి యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా నిరాకరణకు వీసా కోడ్ చెప్పిన కారణాల్లో ట్రాఫిక్ జరిమానా బాకీ లేదు. ఆ భయం పెట్టుకోకండి.

అబ్బాయి విషయంలో మాత్రం మీరు పెద్ద గండమే తప్పించుకున్నారు. ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ దగ్గర ఉండగా బండి దేనికైనా తగిలి ఉంటే, కారు దెబ్బతిన్నా ఖర్చు మీ మీద పడకుండా అదనంగా డబ్బు కట్టి తీసుకున్న నష్ట మినహాయింపు ఎగిరిపోయి, కారు ఖరీదు మొత్తం మీ కార్డు మీద పడేది. ఎదుటివాళ్లకు బీమా సంస్థ పరిహారం ఇచ్చినా, తర్వాత మీ మీదికి రావచ్చు. ఇప్పుడు చేయాల్సింది ఒకటే. వేగం నోటీసుతో పాటు డ్రైవరు ఎవరో చెప్పమనే ఫారం ఉంటుంది. దాన్ని 60 రోజుల్లో, నిజంగా నడిపిన మీ అబ్బాయి పేరుతోనే నింపి, అతని లైసెన్సు కాపీతో పంపండి. తండ్రిని కదా, నేనే నడిపానని రాస్తానంటారేమో, వద్దు. పరాయి ప్రభుత్వానికి తప్పుడు వాంగ్మూలం ఇచ్చే పని పెట్టుకోకండి. జరిమానా కట్టేశాం కదా అని ఫారం పంపకుండా ఊరుకున్నా 291 యూరోల నుంచి మొదలయ్యే మరో జరిమానా పడుతుంది. చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే.

ఇంకో మాట మీరు అడగలేదు. మీ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉందా? కారు కంపెనీ మన లైసెన్సు చూసి తాళాలు ఇచ్చిందంటే కంపెనీకి సరిపోయిందని అర్థం, చట్టానికి సరిపోయిందని కాదు. మన లైసెన్సుతో ఇటలీలో నడపాలంటే ఆ పర్మిట్ గానీ అధికారిక అనువాదం గానీ ఉండాలి. జర్మనీలోనూ అంతే. ఆర్టీఓ ఆఫీసులో ఫారం 4ఏ, వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది చెల్లుబాటు. మీకూ అబ్బాయికీ ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

మ్యూనిక్‌లో కారు తీసుకుని ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైపు వెళ్లేలా ఉంటే ఆ దేశాల పేర్లు ఒప్పందంలో రాయించండి. జర్మన్ నంబరు ప్లేటు బండికి ఆ రెండు దేశాల మోటార్‌వే స్టిక్కరు ఉండదు, ‘విన్యెట్’ అంటారు, మీరే కొనాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదిదే దొరుకుతుంది, 40 ఫ్రాంకులు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, ఆపైన స్టిక్కరు ధర. ఆస్ట్రియాలో కొద్ది రోజులవీ దొరుకుతాయి, అయితే ఇటలీ వైపు కొండల మీదుగా పోయే బ్రెన్నర్ దారికి టోల్ వేరుగా కట్టాలి. జర్మనీలో కార్లకు టోల్ లేదు. కానీ బండ్లు ఆగిపోతే ఎడమ వరుస వాళ్లు ఎడమకు, మిగతా అందరూ కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. కుడి పక్క నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. పెట్రోలు అయిపోయి ఆగినా తప్పే, ట్యాంకు చూసుకోలేదన్న మాట వస్తుంది.

ఈ ప్రయాణం జాగ్రత్తలన్నీ తర్వాత. ముందు ఏప్రిల్ 10 లోపు ఆ డ్రైవరు ఫారం, డబ్బు రెండూ పంపించండి. రసీదు ప్రింటు తీసి, కవరుతో సహా పాస్‌పోర్టుల దగ్గర పెట్టండి.