18 ఏళ్ల డిఫెన్స్‌మన్ ఎన్‌హెచ్‌ఎల్‌కు సిద్ధమేనా?

ప్రశ్న: మేం కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అబ్బాయికి 18 ఏళ్లు. ఓహెచ్‌ఎల్ అనే జూనియర్ ఐస్ హాకీ లీగ్‌లో ఎడమవైపు డిఫెన్స్ ఆడతాడు. పోయిన సీజన్‌లో 64 మ్యాచ్‌లకు 51 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు ఇచ్చిన పాస్‌లు కలిపి) వచ్చాయి. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా అగ్ర లీగ్) జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో ఎంపికయ్యాడు. ఈ ఏడాదే ఎన్‌హెచ్‌ఎల్‌లో నెగ్గుకురాగలడా? కాంట్రాక్టుపై సంతకం పెట్టించమంటారా, కాలేజీ వైపు చూడమంటారా?

జవాబు: ఆ 51లో పవర్ ప్లేలో వచ్చినవెన్నో ముందు విడదీయండి. పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో ఒకరు తక్కువున్నప్పుడు బ్లూ లైన్ (వాళ్ల గోల్ వైపు భాగం మొదలయ్యే గీత) దగ్గర తీరిగ్గా పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పంచడం జూనియర్‌లో బాగా మెరుస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ పనికి ఒక సీనియర్ అప్పటికే ఉంటాడు. మీవాడికి దక్కేది డిఫెన్స్‌లో చివరిదైన మూడో జోడీలో చోటు, పధ్నాలుగు, పదిహేను నిమిషాల ఆట. ఆ చోటుకు సరిపోతాడా అన్నదే చూడాలి.

బలమైన జట్లతో ఆడిన మూడు మ్యాచ్‌ల వీడియో తీసుకోండి. ఎదుటివాళ్లు పక్‌ను మన గోల్ వైపు మూలకు కొట్టిన ప్రతిసారీ ఆపి చూడండి. పక్‌ను చేరేలోపు మీవాడు రెండుసార్లయినా భుజం మీదుగా వెనక్కి చూశాడా? చూడకపోతే తరుముకొచ్చేవాడు ఏ పక్క నుంచి వస్తున్నాడో తెలియదు. అప్పుడు బోర్డుకు (రింక్ చుట్టూ ఉండే గోడకు) అతుక్కుపోతాడు, లేదా గుడ్డిగా పైకి కొడతాడు. అది నేరుగా బోర్డు మీది గ్లాస్ దాటి బయటపడితే రెండు నిమిషాల పెనాల్టీ. పక్ అందాక తొలి పాస్ తోటివాడి స్టిక్‌కు చేరిందా, ఊరికే బయటికి నెట్టేశాడా? కాగితం మీద రెండు గడులు గీసి లెక్కపెట్టండి. ఒత్తిడిలో అందుకున్న పదింటిలో ఆరేడు మంచి పాస్‌లైతే ఆశ పెట్టుకోవచ్చు. నాలుగే అయితే ఇంకో ఏడాది కావాలి. ఇది లీగ్ పెట్టిన కొలత కాదు, మా అంచనా.

రెండోది ఎడం. ఎదురుగా దూసుకొచ్చే ఫార్వర్డ్‌కూ, వెనక్కి స్కేట్ చేసే మీవాడికీ మధ్య దూరం మన వైపు బ్లూ లైన్ దగ్గరికి వచ్చేసరికి స్టిక్ పొడవంత కావాలి. అలా కాకపోతే ధైర్యం లేదని తిడుతుంటారు. నిజానికి లోపం తరచూ కాళ్లలో ఉంటుంది. ఒక పక్కకు తిరగడం నెమ్మది కాబట్టి, దాటేస్తాడన్న భయంతో ముందే వెనక్కి జారుకుంటాడు. ఏ పక్కకు తడబడుతున్నాడో పట్టుకుంటే, మంచి స్కేటింగ్ కోచ్ ఒక వేసవిలో చాలావరకు సరిచేస్తాడు. ఒంటి బలం అలా తొందరపెడితే రాదు. గోల్ ముందు ముప్పై ఏళ్లవాణ్ణి పక్కకు నెట్టే బలం ఎత్తైన కుర్రాళ్లకు కూడా 20, 21 ఏళ్లకు గానీ కుదరదు.

ఆరన్ ఎక్‌బ్లాడ్ 18 ఏళ్లకే ఆడి 2015లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు, నిజమే. కానీ అతను 2014 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటివాడు. 2017లో నాలుగో ఎంపికైన కేల్ మకార్ రెండేళ్లు మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆడి, 2019 ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టి, 2020లో అదే ట్రోఫీ అందుకున్నాడు. రెండో రౌండ్ కుర్రాడికి మకార్ దారే దగ్గర.

ఇక కాంట్రాక్టు. ఈ వయసులో తొలి ఒప్పందం మూడేళ్లు. ఆ సీజన్‌లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు, మూడేళ్లు తర్వాతి సీజన్ నుంచి మొదలవుతాయి. జట్లు తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి తిప్పి పంపేది అందుకే, దాన్ని అవమానంగా తీసుకోకండి. అసలు చిక్కు వేరే ఉంది. 18 ఏళ్ల ఓహెచ్‌ఎల్ ఆటగాణ్ణి జూనియర్‌కూ ఎన్‌హెచ్‌ఎల్‌కూ మధ్య మెట్టైన ఏహెచ్‌ఎల్ లీగ్‌కు పంపే వీల్లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంచుకుని ఆడించకుండా సూట్ తొడిగి పైన గ్యాలరీలో కూర్చోబెడితే, జూనియర్‌లో మ్యాచ్‌కు పాతిక నిమిషాలు ఆడాల్సిన ఏడాది వృథా అవుతుంది.

2025 ఆగస్టు నుంచి ఓహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లకూ అమెరికాలో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) కాలేజీల్లో ఆడే అర్హత ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టుపై సంతకం పెడితే అది పోతుంది. ఎంపిక చేసిన జట్టుకు మీవాడిపై హక్కు కనీసం రెండేళ్లు ఉంటుంది కాబట్టి ఈ సెప్టెంబరులోనే సంతకం అక్కర్లేదు. జట్టు శిక్షణ శిబిరానికి సంతకం లేకుండానే పంపండి. ఖర్చులు ఎవరు భరిస్తే అర్హత చెడదో అనుకున్న కాలేజీని ముందే అడగండి. శిబిరం ముగిశాక జట్టు డెవలప్‌మెంట్ కోచ్‌ను రెండే అడగండి: ఏ జోడీలో ఆడిస్తారు? మన జట్టులో ఒకరు తక్కువున్నప్పుడు డిఫెన్స్‌కు దింపుతారా? రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఈ సీజన్‌కు ఓహెచ్‌ఎల్‌కే తిరిగి పంపండి.