నెయ్యి పేరుకుంటుంది, నీరు గడ్డకడుతుంది... మరి కంచు?

సందేహం: తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. లోహశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. కరిగిన మిశ్రలోహం చల్లారేటప్పుడు కొంత ఘనంగా, కొంత ద్రవంగా ఉండే దశ ఒకటి వస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని మషీ జోన్ అంటారు. నేను 'అర్థఘన మండలం' అని రాశాను. మా మిత్రుడు 'బురద ప్రాంతం' అంటున్నాడు. ఏది సరైనది? లోహం గడ్డకట్టింది, పేరుకుంది, ఘనీభవించింది – ఈ మూడూ ఒకటేనా?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మొదటిది సులువవుతుంది.

మూడూ ఒకటి కావు. 'ఘనీభవించు' అన్నింటికీ సరిపోయే శాస్త్రపదం. ఘనం కానిది ఘనం కావడం అని దాని అర్థం. సంస్కృత వ్యాకరణం ప్రకారం ఈ మాటలో ఉన్నది చ్వి అనే ప్రత్యయం. అంతకు ముందు లేని స్థితి కొత్తగా రావడాన్ని అది చెబుతుంది. 'గడ్డకట్టు' అన్నప్పుడు మన చూపు చివర మిగిలే గడ్డ మీద ఉంటుంది. నీరు గడ్డకడుతుంది, నెత్తురు గడ్డకడుతుంది. 'పేరుకొను' దారి వేరు. దుమ్ము పేరుకుంటుంది, బాకీలు పేరుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది. కొంచెం కొంచెంగా చేరుతూ నిలిచిపోవడం ఈ క్రియలో ఉంది. పాతవాళ్లు 'పేరిన నెయ్యి' అనేవారు. నేడు ఎక్కువగా వినబడేది 'కొను' చేరిన రూపం.

తిరుపతి ఎండల్లో నెయ్యి గిన్నెలో నూనెలా పారుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున అదే గిన్నెను దీపం దగ్గర పెట్టుకుని చూడండి. అంచు వెంబడి తెల్లటి పూసలు కనిపిస్తాయి. వాటి మధ్య పసుపుపచ్చగా ఇంకా పారే నెయ్యి ఉంటుంది. గిన్నె వంచితే పూసలు కూడా ద్రవంతో పాటు జరుగుతాయి. కాసేపాగి మళ్లీ వంచితే, సందుల్లో తడి మెరుస్తూనే ఉంటుంది గాని పూసలు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక కదలవు. నెయ్యి ఒకే కొవ్వు కాదు, ఎన్నో కొవ్వుల కలయిక. అందుకే అంతా ఒక్క వేడి దగ్గర గట్టిపడదు. 'నెయ్యి గడ్డకట్టింది' అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లది తప్పనను. కానీ 'పూసపూసగా పేరుకుంది' అన్న మాట ఆ గిన్నెలో జరిగినదాన్ని కళ్లకు కట్టినట్టు చెబుతుంది.

మిశ్రలోహం నడక కూడా ఇలాంటిదే. శుద్ధమైన రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడుతుంది, శుద్ధమైన తగరం 232 దగ్గర. నూటికి పదిపాళ్లు తగరం కలిసిన కంచు మాత్రం సుమారు 1000 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 850 చుట్టుపక్కలకు వచ్చేదాకా గట్టిపడుతూనే ఉంటుంది. ముందుగా ఏర్పడే ఘనంలో రాగి పాలు ఎక్కువ. దాంతో మిగిలిన ద్రవంలో తగరం పాలు పెరుగుతుంది, ఆ ద్రవం గట్టిపడాలంటే వేడి ఇంకా తగ్గాలి. ఇలా మెట్టుమెట్టుగా దిగుతుంది. అందుకే మిశ్రలోహానికి 'ద్రవీభవన స్థానం' అనే మాట చాలా సందర్భాల్లో అతకదు. స్థానం అంటే ఒక బిందువు, ఇక్కడున్నది ఒక ఉష్ణోగ్రతల శ్రేణి. మీ పాఠంలో 'పంచలోహం ద్రవీభవన స్థానం' అని ఉంటే 'ద్రవీభవన శ్రేణి' అని మార్చండి.

దీనికి మినహాయింపూ ఉంది. నూటికి 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం శుద్ధలోహంలా 183 డిగ్రీల దగ్గరే మొత్తం గట్టిపడుతుంది. దాన్ని 'గడ్డకట్టింది' అంటే నాకు అభ్యంతరం లేదు. అవే రెండూ సగం సగం కలిపితే సుమారు 215 దగ్గర మొదలై 183 దగ్గర ముగుస్తుంది. నా చిన్నతనంలో చిత్తూరులో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు టంకం పెట్టి, కమ్మీ తీసి, తీగను వేళ్లతో పట్టుకుని కదలకుండా కూర్చునేవారు. అద్దంలా మెరిసే బొట్టు మీద మసక కమ్మేది. "పేరుకునేదాకా తీగ కదపకూడదు నాయనా" అనేవారు. కదిపిన అతుకు గరుకుగా, పొడిపొడిగా మిగిలేది. ఆయన వాడిన క్రియకు నేను ఇవాళ కూడా ఒక్క అక్షరం మార్చను.

ఇక ఆ దశకు పేరు. 'బురద' వద్దు. బురదలో మన్ను వేరు, నీరు వేరు. నీరు మన్నుగా మారదు. ఇక్కడ ద్రవమే ఘనమవుతోంది. నా ఓటు 'గుజ్జు'కు. చింతపండు గుజ్జులో పీచు అల్లుకుని ఉంటుంది, పులుసు ఆ పీచు సందుల్లో నిలుస్తుంది. పోతపోసిన లోహంలోనూ స్ఫటికాలు చెట్టు కొమ్మల్లా, కొమ్మకు రెమ్మలతో పెరుగుతాయి. వాటికి ఇంగ్లీషులో ఉన్న డెండ్రైట్ అనే పేరు చెట్టును చెప్పే గ్రీకు మాట నుంచే వచ్చింది. ద్రవం ఆ రెమ్మల మధ్య చిక్కుకుంటుంది. గట్టిపడుతూ లోహం కుంచించుకుపోయేటప్పుడు ఆ సందుల్లోకి కొత్త ద్రవం చేరకపోతే సన్నటి రంధ్రాలు మిగులుతాయి. కాబట్టి 'గుజ్జు దశ' అనండి, చోటును చెప్పాల్సినప్పుడు 'గుజ్జు మండలం' అనండి. ఇంకో ముచ్చట: ఆ గుజ్జును చల్లారుతుండగా చిలికితే కొమ్మలు విరిగి గుండ్రటి పూసలవుతాయని, సగం గట్టిపడ్డాక కూడా అది పారుతుందని 1970ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు కనుగొన్నారు. మన వంటింటి 'పూస' అక్కడికీ పనికొస్తుంది!

మీ 'అర్ధఘన' కూడా తప్పు కాదు. సరిగ్గా సగమే ఘనం కావాలన్న శంక అక్కర్లేదు. సంస్కృతంలో అర్ధ శబ్దం నపుంసకలింగంలో సరిసమాన భాగాన్ని, పుంలింగంలో ఏదో ఒక భాగాన్ని చెబుతుంది. పరీక్ష పుస్తకంలో అదే రాయండి, పక్కన ఒకసారి 'గుజ్జు దశ' అని చేర్చండి. అయితే మీరు రాసిన 'అర్థఘన'లో థకారం ఉంది. థకారంతో రాసే 'అర్థం' మాటకున్న భావాన్ని, డబ్బును చెబుతుంది. సగానికి ధకారం రాయాలి: అర్ధఘన.