కెమెరాకి వాన కన్నా చెమ్మతోనే ప్రమాదం

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. కొత్త కెమెరా కొన్నావనీ, శనివారం వంజంగి కొండ ఎక్కి ఆదివారం తెల్లారేసరికి భీమిలి బీచ్‌లో ఉంటాననీ మీ అమ్మ చెప్పింది. ఫొటోలు ఎలా తీయాలో నేను చెప్పను. ఆ విషయంలో నీ కన్ను నాకంటే నయం. కెమెరాని ఎలా కాపాడుకోవాలో మాత్రం చెబుతాను. నీ వయసులో ఆ గొడవ ఎవరికీ పట్టదు.

అందరూ వానకి భయపడతారు. వాన కంటికి కనిపిస్తుంది కాబట్టి గొడుగు పడతాం, బ్యాగులో పెట్టేస్తాం. మన కోస్తాలో కెమెరాలకి అసలు శత్రువులు కనిపించకుండా వచ్చే రెండు: గాలిలో చెమ్మ, సముద్రపు ఉప్పు. నీ ప్రోగ్రామ్‌లో రెండూ ఉన్నాయి.

ముందు వంజంగి సంగతి. మబ్బుల కోసం తెల్లవారుజాము నుంచి చలిలో నిలబెట్టిన కెమెరా బాగా చల్లబడి ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి హీటర్ వేసిన కారులోనో, నలుగురు కూర్చున్న టెంట్‌లోనో పెట్టావనుకో, లోపలి వెచ్చటి గాలిలోని తేమ దాని మీద నీళ్లయి కూర్చుంటుంది. ముందు గాజు మీద పడితే తుడుచుకోవచ్చు. లెన్స్ లోపలి అద్దాల మధ్యకి చెమ్మ చేరితే అక్కడికి మన చెయ్యి వెళ్లదు. అందుకని కొండ మీద, ఇంకా చలిలో ఉండగానే, కెమెరాని జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి మూసెయ్. అప్పుడు చెమ్మ కవరు పైన పడుతుంది, కెమెరా జోలికి రాదు. ముట్టుకుంటే చల్లగా లేదనిపించేదాకా తెరవకు. గంట పట్టినా పట్టొచ్చు. తీసిన ఫొటోలు చూసుకోవాలని ప్రాణం లాగుతుంది కదా, అందుకే మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకో.

చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. స్పేర్ బ్యాటరీ బ్యాగులో కాకుండా స్వెట్టర్ లోపలి జేబులో ఉంచు. ఖాళీ అయిందని చూపించిన దాన్ని కూడా కాసేపు ఒంటి వేడి తగలనిచ్చి మళ్లీ పెట్టి చూడు, ఇంకొన్ని ఫొటోలు రావచ్చు.

భీమిలిలో ఇదంతా తిరగబడుతుంది. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన కెమెరాని తెల్లారి బీచ్‌లో బయటికి తీస్తే లెన్స్ మొత్తం మసకేస్తుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. నువ్వు తుడుస్తూ ఉండగానే సూర్యుడు పైకి వచ్చేస్తాడు. శనివారం రాత్రి పడుకునే ముందు బ్యాగుని ఏసీ లేని గదిలో పెట్టు. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు.

ఇక ఉప్పు. అల వచ్చి మీద పడితేనే కెమెరా తడుస్తుందని అనుకోకు. అలలు విరిగేచోట గాలిలో సన్నటి తుంపర ఎప్పుడూ ఉంటుంది. పావుగంట నిలబడితే చాలు, లెన్స్ ముందు సన్నటి పొర కడుతుంది. అది ఆరితే ఉప్పు గింజలు మిగులుతాయి. వాటిని పొడిగుడ్డతో తుడవడమంటే లెన్స్‌ని గరుకు కాగితంతో రుద్దడమే. యూవీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే పల్చటి గాజు, దండగ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊళ్లో తీసేటప్పుడు నేనూ ఒప్పుకుంటాను. సముద్రం దగ్గర మాత్రం పెట్టాల్సిందే. గీతలు పడితే ఫిల్టర్ మార్చుకుంటాం, లెన్స్‌ని మార్చుకోలేం కదా.

బీచ్‌లో లెన్స్ మార్చకు. ఏ లెన్స్‌తో తీయాలో ఇంట్లోనే తేల్చుకుని, అదొక్కటే బిగించుకుని వెళ్లు. నీది మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం అడ్డు లేని రకం. లెన్స్ తీస్తే చాలా మోడళ్లలో బొమ్మని పట్టే సెన్సర్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. ఎక్కడైనా మార్చక తప్పకపోతే స్విచ్ ఆపి, గాలికి వీపు పెట్టి, కెమెరా మూతిని నేలవైపు వంచి మార్చు. దుమ్ము పడితే రబ్బరు బ్లోయర్ వాడు, నోటితో ఊదకు, తుంపర్లు పడతాయి.

కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల ట్రైపాడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని కారు డిక్కీలో పడేసి మర్చిపోతారు. ఇసుకలో వాడేటప్పుడు మామూలు అలవాటుకి విరుద్ధంగా ప్రతి కాలికీ అన్నిటికన్నా కింద ఉండే సన్నటి ముక్కని ముందు పూర్తిగా లాగు. అప్పుడు దాని జాయింట్ నీళ్లకీ ఇసుకకీ అందనంత ఎత్తులో ఉంటుంది. మొదటి అల వెనక్కి వెళ్లగానే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది కాబట్టి ముందే గట్టిగా అదిమి నాటుకో. కెమెరా దాని మీద ఉండగా చెయ్యి తియ్యకు, బెల్ట్ మెడలోనే ఉండనీ.

ఇంటికి రాగానే, టిఫిన్ కన్నా ముందు, చెయ్యాల్సిన పని ఇది. మెత్తటి గుడ్డని మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండి, కెమెరా బాడీనీ లెన్స్ గొట్టాన్నీ తుడువు. గుడ్డ మళ్లీ కడిగి ఇంకోసారి తుడువు. తర్వాత పొడిగుడ్డ. ఫిల్టర్‌ని విప్పి మంచినీళ్ల కింద పట్టు. ట్రైపాడ్ కాళ్లు విప్పదీసి కడిగి, జాయింట్లు తెరిచే ఆరబెట్టు, మూసేస్తే లోపల ఉప్పు తుప్పు పట్టిస్తుంది. బ్యాగులో ఇసుక దులిపి ఎండలో వేలాడదియ్.

కెమెరాకి వెదర్ సీలింగ్ ఉందని షాపువాడు చెప్పే ఉంటాడు. అంటే కీళ్ల దగ్గర రబ్బరు పట్టీలు ఉన్నాయని, అంతవరకే. లెన్స్‌కి కూడా ఆ పట్టీ ఉండాలి, మూతలన్నీ మూసి ఉండాలి, అదీ చినుకులకే. కర్మకాలి సముద్రంలో పడితే మాత్రం పనిచేస్తోందో లేదో చూద్దామని ఆన్ చెయ్యకు. వెంటనే బ్యాటరీ తీసేసి సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లు. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకు, ఉప్పు బియ్యంతో పోదు, పైగా తౌడు సందుల్లోకి చేరుతుంది.

మిగిలిన ఏడాదంతా కెమెరా ఉండేది బీరువాలోనే కాబట్టి అసలు కాపలా అక్కడ కావాలి. విశాఖ గాలికి, ముఖ్యంగా వానాకాలంలో, మూసిన బ్యాగులో లెన్స్‌కి బూజు పడుతుంది. సాలెగూడులా మొదలై అద్దం పూతని తినేస్తుంది. తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ ఖరీదనిపిస్తే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా కొని, అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, తేమ చూపించే చిన్న మీటర్ పెట్టు. మీటర్ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ కిందికి దిగినా రబ్బరుకి మంచిది కాదు. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. వంట పళ్లెం ముట్టుకున్నావంటే మీ అమ్మ ఊరుకోదు, దానికి వేరే పళ్లెం చూసుకో. నెలకోసారైనా కెమెరా బయటికి తీసి వాడు.

చిన్నవి రెండు. బొర్రా గుహల దగ్గర ఆగితే కోతులున్నాయి, బ్యాగు జిప్ తీసి పక్కన పెట్టకు. ఎండాకాలంలో పార్క్ చేసిన కారులో కెమెరా, బ్యాటరీలు వదలకు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇటే వచ్చెయ్. ట్రైపాడ్ తీసుకురా, కాళ్లు ఎలా విప్పాలో చూపిస్తాను. తుడుచుకోవడానికి ఉతికిన పాత నూలు పంచె ముక్కలు కూడా ఉన్నాయి, పట్టుకెళ్దువుగాని.

ఇట్లు,
పెదనాన్న